బోనులో ఎప్పుడూ ఆవిడే

మా రోజుల్లో ఒక ఆడమనిషి పేరు పాడు చేయాలంటే ఊళ్లో కనీసం పదిమంది నోళ్లు కదలాలి. చెరువుగట్టున, రచ్చబండ మీద, పేరంటంలో కాళ్లకు పసుపు రాస్తూ, ఒక చెవి నుంచి ఇంకో చెవికి మాట పాకాలి. పొలిమేర దాటేసరికి ఆ మాటకు ఊపిరి తగ్గేది. ఇప్పుడు అంత శ్రమ లేదు. బస్సులో కిటికీ పక్కన కూర్చున్న పదహారేళ్ల కుర్రాడు బొటనవేలితో ఒక్క నొక్కు నొక్కితే చాలు, ముక్కూమొహం తెలియని ఇల్లాలి పరువు అమెరికా నుంచి అమలాపురం దాకా ఊరేగుతోంది. ఇది నాకు సహించడం లేదు. వయసు మీదపడ్డవాళ్లకు ఏదీ సహించదంటారు, అననివ్వండి. నేను కోనసీమలో ఒక తాలూకా కోర్టులో టైపిస్టుగా చేరి శిరస్తాదారుగా రిటైరయ్యాను. ఆడవాళ్ల శీలం మీద మగవాళ్లు రాయించిన కాగితాలు గుట్టలు గుట్టలుగా నా చేతుల మీదుగా వెళ్లాయి. అందుకని మాట్లాడతాను.

ముందే ఒకటి చెప్తాను. భార్యను మోసం చేసిన మగాడూ, భర్తను మోసం చేసిన ఆడదీ తప్పు చేసినవాళ్లే. వాళ్లను వెనకేసుకురావడానికి నేను రాయడం లేదు. తప్పు ఇద్దరూ చేస్తే ఊరి తిట్లన్నీ ఒక్కరి ఇంటికే ఎందుకు పోతాయన్నదే నేను అడిగేది.

మా రోజులు బంగారమని కూడా అనను. గోదావరి జిల్లాల్లో కాస్త భూమి, కాస్త పలుకుబడి ఉన్న మగవాడికి చిన్నిల్లు ఉండటం అందరికీ తెలిసిన సంగతి. సంక్రాంతికి అక్కడికీ ఒక బస్తా బియ్యం, ఒక చీర వెళ్లేవి. బండి తోలేవాడికి దారి తెలుసు, పెద్దిల్లాలికీ తెలుసు. ఆయన మాత్రం గుడికి ధర్మకర్త, ఊళ్లో తగవులకు పెద్దమనిషి, ఏ పెళ్లిలోనైనా మొదటి తాంబూలం ఆయనకే. 1949లో మద్రాసు రాష్ట్రం ద్విభార్యా నిషేధ చట్టం తెచ్చేదాకా మా జిల్లాల్లో హిందూ మగాడు రెండో పెళ్లి చేసుకున్నా అడిగే చట్టం లేదు. 1955లో హిందూ వివాహ చట్టం వచ్చాక దేశమంతటా అది ఆగింది. పెళ్లిళ్లు ఆగాయి, చిన్నిళ్లు ఆగలేదు.

అదే ఊళ్లో ఒక ఇల్లాలు ఎవరితోనో నవ్వుతూ మాట్లాడిందని పుకారు పుడితే సాయంత్రానికి పుట్టింటికి కబురు వెళ్లేది. నూతి దగ్గరికి ఆవిడ వస్తే మిగతావాళ్లు బిందెలు పక్కకు జరిపేవారు. ఆ జరిపేది ఆడవాళ్లే, మగవాళ్లు కాదు. ఈ మాట చెప్పకుండా మగవాళ్లనే తిడితే అబద్ధమవుతుంది. మా అమ్మమ్మ, ముల్లు వచ్చి ఆకు మీద పడ్డా, ఆకు వెళ్లి ముల్లు మీద పడ్డా చిరిగేది ఆకే అని మాకు నూరిపోసింది. ఆకులన్నీ జాగ్రత్తగా ఉండాలని అందరూ చెప్పారు. ముల్లును ఎందుకు పెరగనిస్తున్నారని ఒక్కరూ అడగలేదు. ఆ సామెత విన్నప్పుడల్లా నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

1974లో శ్యామ్ బెనెగళ్ 'అంకుర్' తీశాడు. హైదరాబాద్ దగ్గరి పల్లెలో జరిగే కథ. అందులో పెద్ద భూస్వామి ఒకామెను ఉంచుకున్నాడు, ఆమె కొడుక్కి మంచి భూమి ఇచ్చాడు, అయినా ఊరు ఆయనకు వంగి దండం పెడుతుంది. అదే ఊరి పంచాయతీలో మొగుణ్ని వదిలి ఇంకొకడితో ఉన్న పిల్లను నడుమ నిలబెట్టి మగవాళ్లంతా చుట్టూ కూర్చుని తీర్పు చెప్తారు. మా ఊరినే తీసినట్టుంది అనుకున్నాను. మన తెలుగు సినిమాలు మాత్రం వేరే దారి పట్టాయి. 1979లో 'కార్తీకదీపం' ఆడుతుంటే మ్యాట్నీకి వచ్చిన ఆడవాళ్లు ఇద్దరి మధ్య నలిగిపోయే శోభన్‌బాబును చూసి కొంగుతో కళ్లు తుడుచుకునేవారు, అతని మీద జాలితో. 2003లో 'పెళ్లాం ఊరెళితే' వచ్చేసరికి జాలి కూడా పోయి అది నవ్వులాట అయింది. పేరులోనే ఉంది కథంతా. మొగుడు ఊరెళితే ఏం జరుగుతుందో సినిమా తీసి, హాలంతా పొట్ట చెక్కలయ్యేలా నవ్వించిన తెలుగువాణ్ని నేనింకా చూడలేదు.

ఇక నా కోర్టు సంగతి. నేను చేరేనాటికి పీనల్ కోడ్‌లో 497 సెక్షన్ ఉంది, 1860 నాటిది. పరాయివాడి భార్యతో, ఆ భర్త సమ్మతి లేకుండా సంబంధం పెట్టుకున్న మగాడికి అయిదేళ్ల దాకా జైలు. ఆడదానికి శిక్ష లేదు, నేరానికి తోడ్పడిందని కూడా ఆమెను శిక్షించకూడదని అందులోనే ఉంది. ఇది పట్టుకుని మా ప్లీడర్లు మధ్యాహ్నం టీ తాగుతూ, చట్టమంతా ఆడవాళ్ల పక్షమేనని దెప్పేవారు. సెక్షన్ మొత్తం చదివితే కదా తెలిసేది. భర్త ఒప్పుకుంటే అది నేరమే కాదు. ఫిర్యాదు చేసే హక్కు భర్తకు. తన మొగుడు ఇంకొకామెతో కాపురం పెడితే భార్య ఈ సెక్షన్ కింద ఆ మొగుడి మీద ఒక్క కాగితం పెట్టడానికి లేదు. ఆ రెండో ఆమె పెళ్లికానిదో వితంతువో అయితే లోకంలో ఎవరికీ ఏ అన్యాయమూ జరగనట్టే. భార్య భర్త సొత్తు అన్న లెక్క మీద రాసిన సెక్షన్ అది. పీనల్ కోడ్‌కు మెకాలే 1837లో రాసిన ముసాయిదాలో ఈ నేరం లేదు. తరువాత వచ్చినవాళ్లు చేర్చారు. పసితనంలో పెళ్లయి, సవతులతో వేగే ఈ దేశపు ఆడవాళ్లను శిక్షించడం న్యాయం కాదని వాళ్లను మినహాయించారు. అంత జాలి ఉన్నవాళ్లు ఆమెకు ఫిర్యాదు చేసే హక్కు ఇవ్వాలని మాత్రం అనుకోలేదు.

1985లో సౌమిత్రి విష్ణు అనే ఆవిడ ఈ సెక్షన్ మీద సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. ప్రధాన న్యాయమూర్తి వై.వి. చంద్రచూడ్, లోబరచుకునేది మగవాడే కానీ ఆడది కాదని అందరూ ఒప్పుకున్నదే కదా అన్న ధోరణిలో రాసి సెక్షన్ నిలబెట్టారు. 2018 సెప్టెంబరు 27న అయిదుగురు న్యాయమూర్తులు ఏకగ్రీవంగా దాన్ని కొట్టేశారు. భర్త భార్యకు యజమాని కాడన్నారు. ఆ అయిదుగురిలో డి.వై. చంద్రచూడ్ ఒకరు, తండ్రి తీర్పును కాదన్న కొడుకు. ఆ రోజు టీవీ ముందు కూర్చుని చేతులెత్తి దండం పెట్టాను. మరునాడు మా వీధిలో మగవాళ్ల మాటలు వినాలి! ఇక ఆడవాళ్లకు అడ్డూ ఆపూ లేదట, కాపురాలు కూలిపోతాయట. నూటయాభై ఏళ్లకు పైగా ఆ సెక్షన్ వాళ్ల ఆడవాళ్లకు శిక్షే వేయలేదు, తీసేస్తే కొత్తగా ఏం వచ్చి పడుతుంది? తీర్పు చదవకుండానే ఆడదాని మీదికి వెళ్లిపోయారు. 2024 జులైలో పీనల్ కోడ్ బదులు అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలోనూ ఆ పాత 497 లేదు. కానీ పెళ్లయిన ఆడదాన్ని మభ్యపెట్టి తీసుకుపోవడం అన్న పాత 498, ఇప్పుడు 84గా ఉండనే ఉంది. పెళ్లయిన మగాణ్ని మభ్యపెట్టి తీసుకుపోతే ఏ సెక్షనో నాకెవరైనా చూపించండి.

క్రైస్తవ దంపతుల కేసులు ఇంకో ఘోరం. 1869 నాటి విడాకుల చట్టం ప్రకారం భార్య తప్పు చేసిందని రుజువైతే భర్తకు విడాకులొచ్చేవి. భర్త తప్పు చేశాడని భార్య రుజువు చేసినా చాలదు, దానితోపాటు కొట్టాడనో వదిలేసి పోయాడనో కూడా రుజువు చేయాలి. 2001 దాకా ఇదే చట్టం. ఇరవయ్యో శతాబ్దం అయిపోయాక గానీ సరిచేయలేదు.

అన్నిటికంటే నన్ను కలచివేసినవి మనోవర్తి కేసులు. మొగుడు వదిలేసిన ఆడది పిల్లను చంకనేసుకుని తిండికోసం వచ్చేది. మెజిస్ట్రేటు ఎంత దయ తలచినా నెలకు 500 రూపాయలు దాటి ఇవ్వడానికి లేదు, ఆ పరిమితి కూడా 2001లోనే పోయింది. ఆ 500 ఎగ్గొట్టడానికి మొగుడి తరఫు కౌంటరులో దాదాపు ప్రతిసారీ ఒకటే వాక్యం, ఈమె నడవడిక మంచిది కాదు. ఎందుకంటే పరాయివాడితో ఉంటోందని తేలితే భార్యకు మనోవర్తి రాదు. అప్పటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 125 సెక్షన్‌లోనే ఉండేది ఆ మాట. ఏదో ఒకసారి కాలు జారితే చాలదు, అలా కాపురముంటున్నట్టు రుజువు కావాలని పై కోర్టులు చెప్పాయి. అయినా బురద చల్లడానికి రుజువెందుకు? బోనులో నిలబెట్టి అడిగేవారు, పాలవాడు ఎన్ని గంటలకొస్తాడు, అప్పుడు తలుపు వేసి ఉంటుందా తీసి ఉంటుందా, చెల్లెలి పెళ్లికి వెళ్లి రెండు రాత్రులు ఎక్కడ పడుకున్నావు. నరసాపురం వైపు నుంచి వచ్చిన ఒక లేసు అల్లే ఆవిడ ఇవన్నీ విని, ఆయన ఎక్కడ పడుకుంటున్నాడో కూడా అడగండి బాబూ అంది. కోర్టంతా నవ్వింది. ఆవిడ నవ్వించడానికి అనలేదు. ఆ మొగుడు ఇంకొకామెతో కాపురముంటూ ఇద్దరు పిల్లల్ని కన్నాడు, ఆ సంగతి అతని సాక్షులే చెప్పారు. దానివల్ల చట్టప్రకారం జరిగిందేమిటంటే, ఈమె అతనితో కలిసి ఉండనక్కర్లేదని ఒప్పుకున్నారు. అంతే. ఆమె తప్పు చేస్తే ఆమె అన్నం పోతుంది. అతను తప్పు చేస్తే అతని జీతంలో పైసా తగ్గదు.

మన ఊళ్లే ఇంతని అనుకోకండి. రోబెర్తో రొసెల్లినీ అని ఇటలీలో పెద్ద దర్శకుడు. 1949లో అతనూ, హాలీవుడ్ తార ఇంగ్రిడ్ బెర్గ్‌మన్ ఒకరికొకరు దగ్గరయ్యారు. ఇద్దరికీ అప్పటికే పెళ్లిళ్లయ్యాయి, పిల్లలున్నారు. 1950 మార్చిలో అమెరికా సెనేట్‌లో ఒక సభ్యుడు లేచి ఆమెను దుష్టశక్తి అన్నంత మాట అన్నాడు. అతన్నీ తిట్టాడు, కాదనను. కానీ అమెరికా తలుపులు మూసుకుంది ఆమెకు, కూతురికి ఏళ్ల తరబడి దూరమైంది ఆమె. అతను తన సినిమాలు తీసుకుంటూనే ఉన్నాడు. 1956 చివర అదే మనిషి నెహ్రూ పిలుపు మీద మన దేశానికొచ్చాడు. ఇక్కడ సోనాలీ దాస్‌గుప్తా అనే వివాహితతో సంబంధం కలిసింది. ఆమె పెద్ద కొడుకును తండ్రి దగ్గర వదిలి చంటివాడితో యూరప్ వెళ్లిపోయింది. పత్రికలు వేటాడాయి. పేగు తెంచుకున్న బిడ్డను వదిలి వెళ్లింది అన్న మాట ఆమెను చచ్చేదాకా వదల్లేదు. ఇటలీలో బిడ్డల్ని వదిలి వచ్చిన తండ్రి గురించి ఆ మాట ఎవరన్నారు? 1977లో కేన్స్ పండుగలో జ్యూరీ అధ్యక్షుడిగా కూర్చున్నాడు ఆయన. మనిషి ఒక్కడే, నింద మాత్రం రెండు ఖండాల్లో ఇద్దరు ఆడవాళ్లు మోశారు.

2000 మార్చిలో అమెరికా అధ్యక్షుడు క్లింటన్ హైదరాబాద్ వచ్చినప్పుడు చూశాం కదా, హైటెక్ సిటీలో ఆ చప్పట్లు! అంతకు పదిహేను నెలల కిందటే, 1998 డిసెంబరులో, మోనికా లెవిన్‌స్కీతో సంబంధం గురించి అబద్ధమాడాడని ఆయన్ను అమెరికా ప్రతినిధుల సభ అభిశంసించింది. ఆ వారంలోనే గ్యాలప్ సర్వేలో 73 శాతం మంది ఆయన పాలన బాగుందన్నారు. పాలన బాగుంటే బాగుందనే అంటారు, దానికేం. మరి ఆ మోనికా లెవిన్‌స్కీ? ఇరవై రెండేళ్ల పిల్ల, వైట్‌హౌస్‌లో జీతం లేని ఇంటర్న్‌గా చేరింది. ఆయన దేశాధ్యక్షుడు, పెళ్లయినవాడు, ఆమెకు రెట్టింపు పైబడిన వయసు. ప్రపంచమంతా కథలల్లింది ఆమె మీద. 2006లో లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్‌లో పెద్ద చదువు చదివినా ఆ పేరు చూసి ఉద్యోగమిచ్చేవాళ్లు దొరకలేదు. ఇంటర్నెట్ వల్ల లోకమంతటా ఒక్కసారిగా పరువు పోగొట్టుకున్న మొదటి మనిషిని నేనేనని 2015లో ఆమే వేదికెక్కి చెప్పింది. హైదరాబాద్‌లో ఆయనకు స్వాగతం చెప్పినవాళ్లను నేను తప్పుపట్టను, దేశాధినేతకు మర్యాద చేయాల్సిందే. ఆమె వచ్చి ఉంటే ఆ వీధుల్లో ఏమనేవారో మాత్రం నాకు తెలుసు.

మన రాజ్‌భవన్ సంగతీ మరచిపోలేదు. 2009 డిసెంబరులో ఒక తెలుగు చానల్ గవర్నరు ఆడవాళ్లతో ఉన్నాడంటూ కొన్ని దృశ్యాలు చూపించింది. గవర్నరు ఎన్.డి. తివారీ అవి కల్పితమన్నారు, ఆరోగ్య కారణాలు చెప్పి రాజీనామా చేసి వెళ్లారు. అప్పటికే ఢిల్లీ హైకోర్టులో ఒక యువకుడు మీరే నా తండ్రి అని దావా వేసి ఉన్నాడు. తల్లికి అప్పట్లో పెళ్లయి ఉంది కనక చట్టం ప్రకారం ఆ భర్తే తండ్రి అని తివారీ తరఫున వాదించారు. 2012లో డీఎన్ఏ పరీక్ష ఆయనే తండ్రి అని తేల్చింది. 2014లో, ఎనభై ఎనిమిదేళ్ల వయసులో, ఆ తల్లిని పెళ్లి చేసుకున్నారు. మా కాలనీలో జనం దీన్ని ఎలా చెప్పుకున్నారో వినండి. ఆయన గురించి, అబ్బో ఈ వయసులో కూడానా అని మెచ్చుకోలుగా నవ్వు. ఆమె గురించి, ఏ నాటిదో తవ్వి తీసింది, సిగ్గులేని మనిషి అని. కొడుక్కి తండ్రి పేరు ఇప్పించడానికి కోర్టుల చుట్టూ తిరిగిన ఆడది సిగ్గులేనిదట.

ఇక ఈ కాలం. మా రోజుల్లో అన్యాయం ఉన్నా ఒకటి మాత్రం ఉండేది. తిట్టినవాళ్లు ఆమె మొహం రోజూ చూడాలి. బిందె జరిపిన మనిషే ఆమె బిడ్డకు జ్వరమొస్తే రాత్రిపూట జావ పట్టుకెళ్లిన రోజులు నేను చూశాను. కళ్లెదుట కష్టపడుతున్న మనిషిని ఎంతకాలం అసహ్యించుకుంటారు? ఏళ్లు గడిస్తే కక్ష అరిగిపోయేది, కొత్త కోడళ్లకు ఆ కథే తెలిసేది కాదు. ఈ ఫోను ఏదీ అరగనివ్వదు. 2025 జులైలో, బోస్టన్ దగ్గర ఏదో పాటల కచేరీలో కెమెరా ఒక జంట మీద ఆగింది. ఒక కంపెనీ సీఈవో, అదే కంపెనీలో హెచ్ఆర్ పెద్ద. ఇద్దరూ మొహాలు దాచుకున్నారు. వారం తిరగకుండా ఆ ముక్క మా మేనకోడలి ఫోనులో, మా పాలవాడి ఫోనులో. ఇద్దరి ఉద్యోగాలూ పోయాయి, అక్కడిదాకా సరిసమానమే. ఆ తరువాత సంగతి ఆవిడే పత్రికలకు చెప్పింది. చంపుతామని బెదిరింపులు, ఇంటి చుట్టూ కెమెరాలు, పిల్లలు బయటికి రావడానికి భయపడటం. తిట్లలో పెద్ద వాటా ఆడదాన్ని కనక తనకే వచ్చిందంది. పక్కలో పడుకుని పైకొచ్చిందన్నారట. అప్పటికే తాను భర్త నుంచి విడిపోతున్నానని చెప్పినా వినేవాళ్లేరీ? అధికారం ఎక్కువ ఉన్నది అతనికి, ఆమె పై అధికారి అతను. ఎలా పైకొచ్చావని అతన్ని అడిగినట్టు నేనెక్కడా చదవలేదు.

అదే ఏడాది మార్చిలో మీరట్‌లో భర్తను చంపి నీలం డ్రమ్ములో సిమెంటుతో పూడ్చారని భార్య మీద, ఆమె స్నేహితుడి మీద కేసు. హత్య హత్యే, నేరం రుజువైతే కఠినంగా శిక్షించాలి. కానీ దేశమంతా డ్రమ్ము బొమ్మతో నవ్వుకుంది. పెళ్లంటే భయమేస్తోందని మగపిల్లలు పోస్టులు పెట్టారు. ఈ దేశంలో ఏటా ఆరువేలకు పైగా కట్నం చావులు పోలీసు లెక్కల్లోకి ఎక్కుతున్నాయి. ఏ కిరోసిన్ డబ్బా మీద జోకులొచ్చాయి? పెళ్లంటే భయమని ఆడపిల్ల అంటే సంబంధాలు చూడటం ఆపిన తండ్రిని ఒక్కణ్ని చూపించండి. ఆమె ఒక్కతి చేస్తే ఆడజాతి మొత్తం అలాంటిదే. వాళ్లు వేలమంది చేసినా ఎవడో ఒక తాగుబోతు వెధవ చేసిన పని.

మా బంధువుల గ్రూపులో ఆ డ్రమ్ము బొమ్మ పెట్టింది మా అన్నయ్య మనవడు, ఇంజినీరు. అందరూ నవ్వు బొమ్మలు పెట్టారు, ఆడపిల్లలతో సహా. ఆ గ్రూపు పెట్టిందే మా వంశవృక్షం పుస్తకం వేయడానికి. ముద్రణకు ముందు నమూనా పంపారు. మా తాతగారికి ఒక పేజీ మొత్తం ఇచ్చారు, తలపాగాతో ఫొటో, ఉదారులు, ఊరికి చెరువు తవ్వించారు అని. అంతా నిజమే. ఆయన చిన్నిల్లు పక్క ఊళ్లో ఉండేదని, ఆయన పోయిన పన్నెండో రోజున ఆ ఇంటి పిల్లలు గుమ్మం బయట నిలబడ్డారని రాయలేదు. ఆయన కూతురు, మా మేనత్త, పదమూడేళ్లకే ఒక క్షయరోగికి పెళ్లయి, ఇరవై నిండాక బడిపంతులుతో వెళ్లిపోయింది. కాకినాడలో అతనితో నలభై ఏళ్లు కాపురం చేసింది, ముగ్గురిని చదివించింది. చెట్టులో తాతగారికి ఆరుగురు పిల్లలు. పెద్దింటి వరకే చూసినా ఉన్నది ఏడుగురు.

పుస్తకం చేస్తున్న మా తమ్ముడికి ఫోన్ చేశాను. ఎందుకక్కా ఇప్పుడు, పిల్లల సంబంధాలు చూస్తున్నాం అన్నాడు. తాతగారి చిన్నిల్లు అడ్డురాని సంబంధాలకు అత్తయ్య ఎందుకు అడ్డొస్తుందిరా అన్నాను. జవాబు లేదు. అత్తయ్య పేరు, ఆవిడ ముగ్గురు పిల్లల పేర్లు, పుట్టిన తేదీలతో సహా నా దగ్గరున్నాయి, రాసి పంపాను. అవి ఎక్కించకపోతే నా పేరూ తీసేయమన్నాను, ముద్రణకు నేనిస్తానన్న డబ్బు అత్తయ్య మనవరాలి చదువుకు పంపిస్తానన్నాను. మా అన్నయ్య మనవడికి కూడా అదే గ్రూపులో అందరూ చూసేలా రాశాను, డ్రమ్ము బొమ్మ తీసేయరా, తీసేశాక నాతో మాట్లాడు అని.